స్టార్మ్‌వాటర్ సంఘం బోర్డులో సీటు కావాలంటే ఏం చేయాలి

నామినేషన్లు పిలుస్తున్నాం అని మెయిల్ వచ్చిన రోజున పని మొదలుపెడితే మీరు అప్పటికే ఏడాదిన్నర ఆలస్యం. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, ఒకసారి ఓడిపోయాక తెలిసింది. కాలిఫోర్నియాలో ఒక నగరం పబ్లిక్ వర్క్స్‌లో, వాన నీటి విభాగంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మా రాష్ట్రంలోని ఒక స్టార్మ్‌వాటర్ (వాన నీటి) సంఘం బోర్డుకి రెండుసార్లు నిలబడి రెండోసారి గెలిచాను. ఈ రంగంలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. హైడ్రాలజీ మోడల్ నడిపేది మనవాళ్లే, పర్మిట్ రిపోర్టు అర్ధరాత్రి అప్‌లోడ్ చేసేదీ మనవాళ్లే, బోర్డు ఫొటోలో మాత్రం కనిపించరు. దానికి వివక్ష ఒక్కటే కారణం అని నేననుకోను. సగం కారణం మనం అడగకపోవడం, మిగతా సగం ఎలా అడగాలో తెలియకపోవడం. ఆ రెండో సగానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో ముందు తెలిసుండాలి

"వాన పడితే కాలువలో పోయే నీళ్లకి ఆఫీసు, పర్మిటు, దానికో సంఘం, దానికో బోర్డా" అని మా బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నిజానికి అడగాల్సిన ప్రశ్నే. కాలిఫోర్నియాలో చాలా ఊళ్లలో మురుగు పైపు వేరు, వాన నీటి పైపు వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా భాగం రెంటికీ ఒకటే పైపు, అది వేరే కథ. వేరుగా ఉన్నచోట రోడ్డు మీద పడిన ఆయిల్, ప్లాస్టిక్ కవర్లు, కుక్కల మలం, టైర్ల అరుగుడు అంతా ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి పోతుంది. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ మొదట్లో ఫ్యాక్టరీ పైపుల మీద, మురుగు శుద్ధి ప్లాంట్ల మీద పడింది. 1987లో చట్టాన్ని సవరించి వాన నీటిని కూడా పర్మిట్ కిందకి, అంటే నీళ్లు వదలడానికి ప్రభుత్వం షరతులతో ఇచ్చే అనుమతి కిందకి, తెచ్చారు. 1990 నియమాలతో లక్ష జనాభా, ఆపైన ఉన్న నగరాలూ, అయిదెకరాలు, ఆపైన తవ్వే కన్‌స్ట్రక్షన్ సైట్లూ దీని కిందకి వచ్చాయి. 1999లో రెండో విడతగా చిన్న పట్టణాలూ, ఒక ఎకరం నుంచి మొదలయ్యే సైట్లూ చేరాయి. పర్మిట్ గడువు అయిదేళ్లు. అది ముగిసినప్పుడల్లా కొత్త డ్రాఫ్టు, కొత్త షరతులు, కొత్త గొడవ.

ఆ గొడవలో ఒక్కో ఊరూ విడివిడిగా మాట్లాడితే వినేవాళ్లుండరు కాబట్టి నగరాల ఉద్యోగులు, కౌంటీలు, కన్సల్టెంట్లు, పరిశ్రమలవాళ్లు కలిసి కూర్చునే చోటు కావాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో కాస్కా అని మనం పిలుచుకునే సంఘం (కాలిఫోర్నియా స్టార్మ్‌వాటర్ క్వాలిటీ అసోసియేషన్) 1989లో ఒక టాస్క్‌ఫోర్స్‌గా మొదలైంది ఇందుకే. ఇలాంటి సంఘం చేసే పనులు దాదాపు ఎక్కడైనా ఒకటే: డ్రాఫ్ట్ పర్మిట్ల మీద కామెంట్ లెటర్లు రాయడం, హ్యాండ్‌బుక్కులు తేవడం, ట్రైనింగ్ ఇవ్వడం, ఏడాదికోసారి కాన్ఫరెన్స్ పెట్టడం. వీటిలో దేనికి ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు, ఏ లెటర్ సంఘం పేరుతో బయటికి వెళ్లాలి అన్నది తేల్చేది బోర్డు. మీరు అడుగుతున్నది ఆ కుర్చీ. రెజ్యుమెలో ఒక లైను కోసమే అయితే చెప్పండి, ఇంతకంటే తేలికైన దారులు చాలా ఉన్నాయి.

ఏ సంఘం అనేది కూడా ముందే తేల్చుకోండి. వాటర్ ఎన్విరాన్‌మెంట్ ఫెడరేషన్ 1928 నుంచి ఉన్న మహాసముద్రం, అందులో స్టార్మ్‌వాటర్ ఒక పాయ. సివిల్ ఇంజనీర్ల సొసైటీ వాళ్ల నీటి వనరుల విభాగం ఎక్కువగా సాంకేతిక చర్చల చోటు. దేశస్థాయిలో నాఫ్స్మా ఉంది, వరద, వాన నీటి నిర్వహణ సంస్థల సంఘం, అక్కడ సంస్థలు సభ్యులు, మనుషులు కాదు. నేషనల్ మునిసిపల్ స్టార్మ్‌వాటర్ అలయన్స్ రాష్ట్ర, ప్రాంతీయ సంఘాల కూటమి, దానిలోకి దారి కూడా మీ రాష్ట్ర సంఘం మీదుగానే. అందుకని నా సలహా ఒకటే, రాష్ట్ర స్థాయి సంఘంతో మొదలుపెట్టండి. అక్కడ రెండు వందల ముఖాలు తెలిస్తే చాలు, పని జరుగుతుంది.

బైలాస్, పెన్సిల్ పట్టుకుని

బైలాస్, అంటే సంఘం నియమావళి, డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. విసుగ్గానే ఉంటుంది, అయినా కాఫీ పెట్టుకుని కూర్చుని గీతలు గీస్తూ చదవండి. బోర్డులో ఎన్ని సీట్లు, ఒక్కోటి ఎన్నేళ్లు, వరుసగా ఎన్నిసార్లు ఉండొచ్చు, ఈ ఏడాది ఏవి ఖాళీ అవుతున్నాయి అన్నవి రాసిపెట్టుకోండి. సీట్లు వర్గాలవారీగా ఉన్నాయేమో చూడండి, అంటే పెద్ద నగరాలకు ఇన్ని, చిన్న పట్టణాలకు ఇన్ని, కన్సల్టెంట్లకు ఒకటో రెండో అని. బైలాస్‌లో రాసి లేకపోయినా చాలాచోట్ల ఆ లెక్క బోర్డు బుర్రలో ఉంటుంది, ఎందుకంటే కన్సల్టెంట్లే బోర్డంతా నిండిపోతే రెగ్యులేటర్ (పర్మిట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) దగ్గర ఆ సంఘం లెటర్‌కి బరువుండదు. ప్రాంతాల లెక్క కూడా ఉంటుంది. మా దగ్గర ఉత్తరం, దక్షిణం, మధ్యలో సెంట్రల్ వ్యాలీ అని ఎప్పుడూ ఒక తూకం నడుస్తూనే ఉంటుంది. మీరు బే ఏరియాలో కన్సల్టెంటు అయితే ఒక్క సీటుకు ఆరుగురు పోటీ పడుతుండొచ్చు. ఫ్రెస్నో పక్కన చిన్న పట్టణంలో ఉద్యోగి అయితే బోర్డే మిమ్మల్ని బతిమాలి నిలబెట్టొచ్చు. ఇది అన్యాయం అనిపిస్తే అనిపించనివ్వండి, లెక్క మాత్రం ముందే తెలుసుకోండి.

ఇప్పుడు నేను మొదటిసారి బొత్తిగా పట్టించుకోని విషయం: ఓటు ఎవరిది? ఇలాంటి సంఘాల్లో చాలావాటిలో సభ్యత్వం ఊరిది లేదా కంపెనీది. ఒక నగరం తరఫున పదిమంది మీటింగులకు వచ్చినా ఓటు ఒకటే, అది ఆ నగరం రాసిచ్చిన ప్రతినిధి చేతిలో ఉంటుంది. ఆ ప్రతినిధి తరచుగా మీరెప్పుడూ కాల్‌లో వినని ఒక మేనేజరు, ఎప్పుడో అయిదేళ్ల కిందట ఫారం నింపినప్పుడు రాసిన పేరు. నేను స్నేహంగా ఉన్న ఇంజనీర్లందరికీ చెప్పుకున్నాను, అందరూ "ష్యూర్ ష్యూర్" అన్నారు, వాళ్లలో సగానికి పైగా ఓటే లేనివాళ్లు. మా సొంత ఊరి ఓటు కూడా నాకు పడలేదు, ఎందుకంటే బ్యాలెట్ వెళ్లిన మెయిల్ ఐడీ రిటైరైపోయిన మా పాత మేనేజర్‌ది. నవ్వుకోండి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

పదవుల సంగతి కూడా బైలాస్‌లోనే ఉంటుంది. కొన్నిచోట్ల చైర్, వైస్ చైర్, ట్రెజరర్, సెక్రటరీలను సభ్యులే ఎన్నుకుంటారు, కొన్నిచోట్ల బోర్డు తనలో తాను ఎన్నుకుంటుంది. వైస్ చైర్ అయినవాళ్లు తర్వాతి ఏడాది చైర్ అవడం మామూలే. అంటే మీకు చైర్ కావాలని ఉంటే అది నాలుగైదేళ్ల ప్రయాణం. దగ్గరి దారి ఒకటుంది, ట్రెజరర్. ఎవరూ కోరుకోరు. లెక్కలంటే భయపడని ఇంజనీరుకి అంతకంటే మంచి కుర్చీ లేదు, సంఘంలో ఏం జరుగుతోందో డబ్బు కదిలే దారి చూస్తే తెలిసిపోతుంది.

విసుగు పని

సీటు నిజంగా వచ్చేది ఇక్కడ. మిగతాదంతా గుర్తుచేయడమే.

నేను మొదటి రెండేళ్లు సబ్‌కమిటీ కాల్స్‌లో మ్యూట్‌లో కూర్చుని విన్నాను. తెలిసిన విషయమే చర్చకు వచ్చినా నోరు విప్పేవాణ్ని కాదు. యాస గురించి మొహమాటం ఒకటి, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోసిన పెంపకం ఒకటి. ఇక్కడ మాట్లాడకపోతే మర్యాదస్తుడు అనుకోరు, గదిలో లేడు అనుకుంటారు. మూడో ఏడు ఒక కాల్‌లో "మినిట్స్ ఎవరు రాస్తారు" అని అడిగితే ఎప్పటిలాగే అందరూ నిశ్శబ్దం, నేను మ్యూట్ తీసి నేను రాస్తా అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలు ప్రతి మీటింగ్ మినిట్స్ శుక్రవారం లోపల అందరికీ వెళ్లేవి: ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఎప్పటికి. అంతే. ఆ ఆరు నెలల్లో నాకొచ్చిన గుర్తింపు అంతకుముందు కాన్ఫరెన్స్‌లో ఇచ్చిన రెండు ప్రెజెంటేషన్లకు కూడా రాలేదు. మినిట్స్ రాసేవాడికి ఇంకో లాభం ఉంది, అర్థం కానిది అడిగే హక్కు దానంతటదే వస్తుంది. "సరిగా రాసుకోవాలి, ఇంకోసారి చెప్తారా" అంటే ఎవరూ తప్పు పట్టరు.

మినిట్స్ తర్వాత పని కామెంట్ లెటర్లు. డ్రాఫ్ట్ పర్మిట్ బయటికి వచ్చాక కామెంట్లకి ఇచ్చే గడువు తక్కువ, డ్రాఫ్టు వందల పేజీలు. పాత పర్మిట్ పక్కన కొత్తది పెట్టి ఏ వాక్యం మారింది, ఏ "చేయవచ్చు" వచ్చి "చేయాలి" అయింది అని పట్టిక కట్టేవాళ్లు ప్రతి సంఘానికీ కావాలి, దొరకరు. మీరు అది కట్టండి. ఆ పట్టిక రాష్ట్రమంతా తిరుగుతుంది, దాని కింద మీ పేరుంటుంది. మీకు ఇష్టమైన విషయం ఏదో ఒకటి ఎంచుకుని దానిమీద "ఈ మనిషిని అడుగు" అనిపించుకుంటే ఇంకా మంచిది. చెత్త సంగతే తీసుకోండి. 2015లో మా స్టేట్ వాటర్ బోర్డు (నీటి నియమాలు చేసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) తెచ్చిన నియమాల ప్రకారం 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న చెత్తంతా పట్టే పరికరాలు డ్రెయిన్లలో పెట్టాలి, లేదా దానికి సమానమైన పని చూపించాలి, 2030 చివరికల్లా. పెట్టడానికి గ్రాంటు దొరుకుతుంది, ఏటా వాటిని శుభ్రం చేసే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? డబ్బు గురించి మాట్లాడగలిగితే మీకు శ్రోతలకు కొదవుండదు. కాలిఫోర్నియాలో 1996లో జనం ఓటుతో వచ్చిన ప్రొపోజిషన్ 218 అనే చట్టం తర్వాత వాన నీటి ఫీజు పెంచాలంటే జనం ఓటుకి వెళ్లాల్సిన పరిస్థితి వచ్చింది, నీళ్ల బిల్లుకి, మురుగు బిల్లుకి లేని ఇబ్బంది ఇది. 2017లో ఎస్‌బీ 231 అనే చట్టం "మురుగు" అనే మాటలోకి వాన నీటిని కూడా చేర్చి దారి తెరవాలని చూసింది, అయినా కోర్టు భయంతో చాలా ఊళ్లు ఆ దారి తొక్కవు. లాస్ ఏంజిలిస్ కౌంటీ 2018లో మెజర్ డబ్ల్యూ పెట్టి, నీరు ఇంకని నేల చదరపు అడుగుకు రెండున్నర సెంట్ల పన్ను జనం చేతనే ఒప్పించుకుంది. మిగతావాళ్లం ఇంకా జనరల్ ఫండ్ (ఊరి సాధారణ ఖజానా) దగ్గర చేయి చాస్తున్నాం. ఇలాంటి విషయం మీద నాలుగు ఊళ్లవాళ్లని ఒక కాల్‌లో కూర్చోబెట్టగలిగితే, అదే మీ ప్రచారం.

ఆఫీసులో అడిగారా?

నిలబడతానని సంఘానికి చెప్పకముందే మీ బాస్‌కి చెప్పండి. నా అనుభవంలో నెలకి ఎనిమిది నుంచి పది గంటలు పోతుంది, కాన్ఫరెన్స్ ఉన్న నెలలో ఇంకా ఎక్కువ. ప్రయాణం ఖర్చు ఎవరిది, ఆఫీసు టైములో కాల్స్‌కి కూర్చోవచ్చా అనేది మెయిల్లో రాయించుకోండి, నోటిమాట బాస్ మారితే మారిపోతుంది. ఇంకా చిక్కైన ప్రశ్న ఒకటుంది. సంఘం రేపు మీ రీజనల్ వాటర్ బోర్డు (మీ ప్రాంతంలో పర్మిట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) డ్రాఫ్టుని తిడుతూ లెటర్ రాస్తుంది, అదే రీజనల్ బోర్డు మీ ఊరిని ఇన్‌స్పెక్ట్ చేస్తుంది. అక్కడి మనిషి మీ బాస్‌కి ఫోన్ చేసి "మీవాడి సంతకం చూశాం" అంటే మీ బాస్ ఏం చేస్తాడు? ఇది ముందే మాట్లాడుకుంటే రెండు నిమిషాల పని. తర్వాత మాట్లాడుకుంటే టెన్షన్.

కన్సల్టెంట్ అయితే, సంఘం హ్యాండ్‌బుక్ కాంట్రాక్టు మీ కంపెనీ అడిగే అవకాశం ఉందా చూసుకోండి. ఉంటే ఆ చర్చ నుంచి బయటికి నడవాల్సి వస్తుంది, కొన్ని కంపెనీలు దానికంటే మిమ్మల్ని బోర్డులో లేకుండా చూడడమే మేలనుకుంటాయి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగేది వీసా సంగతి. ఈ సీట్లకు మామూలుగా జీతం ఉండదు, వాలంటీర్ పని. అయినా ప్రయాణం ఖర్చులు కాకుండా ఏ రూపంలో డబ్బు ఇస్తామన్నా తీసుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

నామినేటింగ్ కమిటీ, ఫోన్లు

అడగందే అమ్మయినా పెట్టదు అంటారు కదా, మనకి సామెత ఉంది గానీ అలవాటు లేదు. నామినేషన్ తేదీకి మూడు నాలుగు నెలల ముందే నామినేటింగ్ కమిటీ చైర్‌కి ఫోన్ చేసి సూటిగా చెప్పండి: "నాకు బోర్డులో పనిచేయాలని ఉంది. ఈ ఏడాది మీరు ఏ ఖాళీ నింపాలని చూస్తున్నారు?" ఈ రెండో వాక్యం ముఖ్యం. వాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంటుంది, కాగితం మీదో మనసులోనో: డబ్బు లెక్కలు తెలిసినవాళ్లు తక్కువ, చిన్న ఊళ్లవాళ్లు లేరు, పరిశ్రమల వైపు మనిషి వెళ్లిపోతున్నాడు, ఇలా. మీరు సరిపోకపోతే "వచ్చే ఏడాది చూడండి" అని మర్యాదగా చెప్పేస్తారు, ఒక ఓటమి తప్పుతుంది. సరిపోతే వాళ్లే దారి చెబుతారు. చాలా సంఘాల్లో కమిటీ ఒక జాబితా తయారుచేసి సభ్యుల ముందు పెడుతుంది, ఆ జాబితాలో పేరుంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత ఫోన్లు. ఓటున్న ప్రతినిధుల జాబితా సంఘం ఆఫీసు ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే ఒక్కో ఊరివాళ్లని "మీ తరఫున ఓటు ఎవరు వేస్తారు" అని అడిగి మీరే కట్టుకోండి. నేను రెండోసారి ఇరవై ఆరు మందికి ఫోన్ చేశాను, ఒక్కొక్కరితో పది నిమిషాలు. "నాకు ఓటేయండి" అని చివర్లో ఒక్కసారే అన్నాను, మిగతా తొమ్మిదిన్నర నిమిషాలూ "సంఘం మీకు ఏం చేస్తే బాగుంటుంది" అని అడిగి రాసుకున్నాను. ఒక చిన్న పట్టణం ఆవిడ, ఆవిడే పార్కులు, ఆవిడే రోడ్లు, ఆవిడే స్టార్మ్‌వాటర్, "మీ వెబినార్లన్నీ మంగళవారం పొద్దున పెడతారు, నాకు ఆ టైములో కౌన్సిల్ ఎజెండా పని" అంది. ఇంత చిన్న మాట పదేళ్లలో బోర్డు చెవిన పడలేదు.

మన తెలుగు సంఘాల ఎన్నికల అలవాటు మాత్రం ఇంట్లో వదిలేసి రండి. ప్యానెళ్లు కట్టడం, సభ్యత్వాలు కట్టించడం, గ్రూపుల్లో పోస్టర్లు, ఫలానా ఊరివాళ్లంతా ఇటు అనడం ఇక్కడ అసలు నడవదు, పైగా ఒక్క పోస్టరు చాలు ఈయన వేరే దేనికో వచ్చాడని అనుమానం రావడానికి. డిన్నర్లు కూడా వద్దు. కాన్ఫరెన్స్‌లో కాఫీ బ్రేక్ చాలు.

బ్యాలెట్ మీద పేరు

చిన్న విషయమే గానీ నాకు ఖరీదైంది కాబట్టి విడిగా రాస్తున్నాను. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మధ్యలో తాతగారి పేరు. కాల్స్‌లో అందరికీ నేను "రావ్". మొదటిసారి నామినేషన్ ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టు పొల్లుపోకుండా నింపాను, ప్రభుత్వ ఫారం నింపినట్టు. బ్యాలెట్ మీద నలభై అక్షరాల పేరు వచ్చింది, అందులో రావ్ ఎక్కడో చివర. ఎన్నికలయ్యాక ఒకాయన కాఫీ దగ్గర కలిసి "ఈసారి నువ్వు నిలబడతావనుకున్నానే" అన్నాడు. ఓటు వేశాడట, ఎవరికో. అందుకని మీ మెయిల్ సంతకంలో, జూమ్‌లో, బ్యాడ్జి మీద, బ్యాలెట్ మీద ఒకే పేరు ఉండేలా చూసుకోండి, ఫొటో కూడా పెట్టమంటే పెట్టండి. పేరు కత్తిరించి మైక్ అనో క్రిస్ అనో మార్చుకోమని నేననడం లేదు. మీ పేరు వాళ్లచేత సరిగ్గా పలికించండి, దానికి మూడు నెలలు చాలు.

స్టేట్‌మెంట్

నూట యాభై, రెండు వందల మాటలు అడుగుతారు. నా మొదటి స్టేట్‌మెంట్ ఇలా ఉండేది: ఇన్నేళ్ల అనుభవం, ఈ డిగ్రీలు, ఈ సర్టిఫికెట్లు, నీటి నాణ్యత మీద ఎంతో మక్కువ, అందరినీ కలుపుకుపోతాను. దాన్ని ఏ అభ్యర్థి పేరు కింద పెట్టినా సరిపోతుంది. పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు, క్యూఎస్‌డీ (కన్‌స్ట్రక్షన్ సైట్ల వాన నీటి ప్లాను రాసే) అర్హత అక్కడ అందరికీ ఉంటాయి. రెండోసారి రాసింది తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇది:

"గత ఏడాది ట్రాష్ సబ్‌కమిటీకి కో-చైర్‌గా ఉన్నాను. డ్రెయిన్లలో పెట్టిన పరికరాలను శుభ్రం చేసే ఖర్చును అన్ని ఊళ్లూ ఒకే పద్ధతిలో లెక్కకట్టేలా ఒక షీటు తయారుచేశాం, ఇప్పుడు మా చుట్టుపక్కల నగరాలు బడ్జెట్‌లో దాన్నే వాడుతున్నాయి. బోర్డులోకి వస్తే ఒక్క పని మీద గట్టిగా కూర్చుంటాను: ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో పర్మిట్ నడిపే చిన్న ఊళ్లకు సంఘం ట్రైనింగ్ అందే టైము, ధర మార్చడం. మా నగరం నా సమయానికి, ప్రయాణానికి రాతపూర్వకంగా ఒప్పుకుంది. మినిట్స్ ఇప్పటికీ శుక్రవారం లోపలే వస్తాయి."

చివరి వాక్యం చూసి మా ఆవిడ నవ్వింది, తీసేయమంది. ఉంచాను. ఓటేసినవాళ్లలో నలుగురు ఆ వాక్యం గురించే మాట్లాడారు.

ఇంటర్వ్యూ ఉంటే

కొన్ని నామినేటింగ్ కమిటీలు అరగంట మాట్లాడతాయి. ఎంత టైము ఇవ్వగలరు, మీ సంస్థకీ సంఘానికీ పొసగని రోజున ఏం చేస్తారు, సంఘం ఇప్పుడు చేస్తున్న ఏ పని ఆపేయాలంటారు అని అడుగుతారు. మూడోదానికి మనవాళ్లు తడబడతారు, ఉన్నదాన్ని పొగడడమే మర్యాద అనుకుని. ఒక పని పేరు చెప్పండి, ఎందుకో చెప్పండి, అది నడిపినవాళ్ల శ్రమని తక్కువ చేయకుండా చెప్పండి.

"ఈ రంగంలోకి ఎందుకు వచ్చారు" అని తప్పకుండా అడుగుతారు. మాది బెజవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా మేనమామ వాళ్లు పైఅంతస్తులో పాలప్యాకెట్ కోసం చూస్తూ కూర్చున్నారు, నేను ఇక్కడ ఫోన్ పట్టుకుని. ఆ ఏడాదే నేను మొదటిసారి నిలబడ్డాను, ఇంటర్వ్యూలో ఆ కథ అయిదు నిమిషాలు చెప్పాను, వాగు ఎక్కడ పుట్టింది, గండి ఎక్కడ పడింది అన్నీ. వింటున్నావిడ గడియారం చూసుకుంది. రెండోసారి రెండు వాక్యాలు చెప్పి ఆపాను, అప్పుడు ఆవిడే ఇంకా చెప్పమంది. మీకు హైదరాబాదు మూసీ కథ ఉండొచ్చు, 1908 వరద, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మంచి కథలే. రెండు వాక్యాలు.

గెలిస్తే మొదటి మూడు నెలలు

ఎక్కువ మాట్లాడకండి, ఎక్కువ చదవండి. గత మూడేళ్ల ఫారం 990లు చదవండి. ఇలాంటి సంఘాలు ఐఆర్‌ఎస్‌కి ఏటా ఇచ్చే లెక్కలు అవి, బయటివాళ్లు కూడా చూడొచ్చు, కాబట్టి నిజానికి నిలబడకముందే చదివుండాలి. కాన్ఫరెన్స్ మీద వచ్చే ఆదాయం ఎంత, సభ్యత్వాల మీద ఎంత, ఒక ఏడాది కాన్ఫరెన్స్ ఆగిపోతే సంఘం ఎన్ని నెలలు నడుస్తుంది అనేది మీకు నోటికి రావాలి. సంఘం పన్ను చట్టం ప్రకారం 501(సి)(3), అంటే సేవా సంస్థ, అయితే ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ మద్దతు పలకకూడదు, లాబీయింగ్‌కి పరిమితి ఉంటుంది. 501(సి)(6), అంటే వృత్తి, వ్యాపార సంఘం, అయితే లాబీయింగ్‌కి అంత పరిమితి ఉండదు. బోర్డు సభ్యుల మీద కేసు పడితే ఆదుకునే డైరెక్టర్ల ఇన్సూరెన్స్ ఉందా అని మొదటి మీటింగ్‌లోనే అడగండి, సిగ్గుపడే ప్రశ్న కాదు. మీ కంపెనీకో మీ ఊరికో సంబంధించిన డబ్బు ఓటింగ్‌కి వస్తే "నాకు దీనిలో సంబంధం ఉంది, చర్చలో ఉండను" అని చెప్పి గది బయటికి వెళ్లండి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయించండి.

మీటింగులు మామూలుగా రాబర్ట్స్ రూల్స్ ప్రకారం నడుస్తాయి: మోషన్ (ప్రతిపాదన), సెకండ్ (దాన్ని ఇంకొకరు బలపరచడం), చర్చ, ఓటు. ఆ రూల్స్ రాసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ లాయరు కాదు, అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి మీటింగ్ నడపమంటే ఎలా నడపాలో తెలియక అది చేయి దాటిపోయింది, ఆ అవమానంతో చదివి చదివి 1876లో పుస్తకం వేశాడు. 1900 తుఫానులో గాల్వెస్టన్ కొట్టుకుపోయాక అక్కడ సముద్రపు గోడ డిజైన్ చేసిన ముగ్గురు ఇంజనీర్లలో ఆయనొకడు. మన ఇంజనీర్ల జాతివాడే అన్నమాట, అందుకని ఆ రూల్స్ అంత కష్టంగా ఉండవు, ఒక ఫ్లోచార్ట్ అనుకుని చదవండి.

ఓడిపోతే

ఫలితం వచ్చిన మర్నాడే గెలిచినవాళ్లకి అభినందన, నామినేటింగ్ కమిటీకి ఒక మెయిల్ పంపండి. ఎందుకు ఓడానో చెప్పండి అని అడగకండి, వాళ్లు ఇబ్బంది పడతారు, నిజం చెప్పరు. "ఈ ఏడాది ఏ కమిటీలో మనిషి కావాలి" అని అడగండి. నేను అలా అడిగితే అరగంటలో జవాబు వచ్చింది: ట్రాష్ సబ్‌కమిటీలో కో-చైర్ పదవి ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉందట, ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదట.